టెన్నిసు జంట జైత్రయాత్ర

టెన్నిసు ఒంటరి ఆట యని పలువురు తలంతురు. వలకు ఈవల ఒకరు, ఆవల ఒకరు నిలిచి, చేతిలోని రాకెట్టునే నమ్ముకొని ఆడుచుందురు. క్రికెట్టులో వలె జారిపోయిన బంతిని పట్టుటకు వెనుక మరియొకరుండరు. కబడ్డీలో వలె కూలిన వారిని మరల బ్రతికించు తోడు లేదు. అయినను కళాశాలల మధ్య, విశ్వవిద్యాలయముల మధ్య, దేశముల మధ్య టెన్నిసు పోటీలు జట్లుగనే జరుగుచున్నవి. ఒంటరి ఆటలో జట్టు ఎట్లేర్పడును? జట్టునకు బలమెక్కడ నుండి వచ్చును?

రాజమహేంద్రవరములోనో, కాకినాడలోనో, భీమవరములోనో ఒక కళాశాల విద్యార్థినుల టెన్నిసు జట్టును పోటీకి పంపదలచినదనుకొందము. ఒక్క మేటి క్రీడాకారిణి యున్న చాలునా? చాలదు. జట్ల పోటీలో ఒంటరిగా ఆడు సింగిల్సు ఆటలును, జంటగా ఆడు డబుల్సు ఆటలును ఉండును. అన్నిటి ఫలితములను కూడినపుడే గెలుపు ఓటములు తేలును. అమెరికా దేశపు కళాశాలలలో ఈ పద్ధతి విశదముగా కనబడును. అచట ఒక్కొక్క జట్టు ఆరు సింగిల్సు ఆటలు, మూడు డబుల్సు ఆటలు ఆడును. సింగిల్సులో ఒక్కొక్క గెలుపునకు ఒక్కొక్క పాయింటు. మూడు డబుల్సులో రెండింటిని గెలిచిన జట్టునకు ఒక పాయింటు. మొత్తము ఏడింటిలో నాలుగు సంపాదించినవారు విజేతలు. ఇందులోని న్యాయమును గమనింపుడు. జట్టులో మొదటి స్థానముననున్న ఆమె గెలుపునకు ఎంత విలువయో, ఆరవ స్థానముననున్న ఆమె గెలుపునకును అంతే విలువ.

ఈ జట్టు ధర్మము మిక్కిలి సూక్ష్మరూపమున కనబడునది డబుల్సు ఆటలో. అచట జట్టనగా ఇద్దరే. మన తెలుగునాట పెరిగిన ఒక వనిత 2015వ సంవత్సరమున వేరొక దేశపు వనితతో జతకూడి సాగించిన జైత్రయాత్ర దీనికి చక్కని నిదర్శనము. ఆమె పేరు సానియా మీర్జా. ఆ కథను వినుటకు ముందు ఆట తీరును కొంత తెలిసికొనవలెను.

టెన్నిసు ఆడు స్థలమును కోర్టు అందురు. దాని పొడవు 78 అడుగులు. సింగిల్సు ఆటకు వెడల్పు 27 అడుగులు. డబుల్సు ఆటకు ఇరుప్రక్కల నాలుగున్నర అడుగుల చొప్పున పెంచగా 36 అడుగులగును. నడుమ కట్టిన వల స్తంభముల యొద్ద మూడున్నర అడుగుల ఎత్తును, మధ్యలో మూడడుగుల ఎత్తును ఉండును. బంతి తన వైపున ఒకసారి నేలను తాకిన పిదప, రెండవసారి తాకక మునుపే, దానిని వల మీదుగా ఎదుటివారి భాగములోనికి కొట్టవలెను. నేలను తాకకుండ గాలిలోనే కొట్టినచో దానిని వాలీ యందురు.

పాయింట్ల లెక్క కొంత వింతయైనది. సున్నను లవ్ అందురు. తరువాత 15, 30, 40. ఆ పైన గేము. ఇరువురును 40కి వచ్చినచో అది డ్యూసు. కనీసము రెండు గేముల ఆధిక్యముతో ఆరు గేములు గెలిచినవారిది సెట్టు. ఇరువురును ఆరేసి గేములు గెలిచినపుడు టైబ్రేకు అను చిన్న పందెముతో సెట్టును తేల్చుదురు. స్త్రీల ఆటలో మూడు సెట్లలో రెండు గెలిచినవారు విజేతలు.

డబుల్సులో కోర్టు వెడల్పు పెరుగును గాని, దానికి తగినట్లు కాపలా కాయువారును ఇద్దరగుదురు. అందుచే బలముకంటె స్థానమెరిగి నిలుచుట ముఖ్యము. సాధారణముగా ఒకరు వెనుక గీత యొద్ద నిలిచి బంతిని లోతుగా, బలముగా కొట్టుచుందురు. రెండవవారు వల యొద్ద పొంచియుండి, ఎదుటివారు కొట్టిన బంతి కొంచెము ఎత్తుగా వచ్చినచో వాలీతో త్రుంచివేయుదురు. వల యొద్దనున్నవారు వీపు వెనుక వ్రేళ్లతో సైగలు చేసి, తాము కదలదలచిన దిక్కును జతగత్తెకు తెలుపుదురు. ఒకరు ప్రక్కకు జరిగినచో రెండవవారు ఆ ఖాళీని నింపవలెను. నడుమకు వచ్చిన బంతిని నీవు కొట్టెదవని నేను, నేను కొట్టెదనని నీవు ఊరకున్నచో పాయింటు పోవును. మన డెల్టా రైతులు కాడికి ఎడ్లను కట్టునపుడు రెండింటి నడకయు కలియునా యని చూతురు. ఒకటి ఉరుకుచు, ఒకటి మొరాయించుచున్న అరక సాగదు. డబుల్సు జంటయు అట్టిదే.

ఇంగ్లండునందలి వింబుల్డనులో పురుషుల టెన్నిసు పోటీ 1877లో ఆరంభమైనది. స్త్రీలకు అందు సింగిల్సు పోటీ 1884లోను, డబుల్సు పోటీ 1913లోను ఏర్పడినవి. 1934లో లీలా రో అను భారత వనిత వింబుల్డనులో ఒక ఆట గెలిచి, ఆ ఘనత పొందిన తొలి భారతీయురాలైనది. స్త్రీలు కళాశాల గడప త్రొక్కుటయే అరుదైన కాలమది. కాకినాడలోని పిఠాపురము రాజావారి కళాశాలలో రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు అధ్యక్షులుగా ఉండి, బాలికలను బాలురతోపాటు చేర్చుకొని సహవిద్యకు దారి తీసిరి. ముందు తరగతి గది తలుపు తెరువబడినది. ఆ పిమ్మటనే ఆటస్థలపు ద్వారము తెరువబడినది.

సానియా మీర్జా 1986 నవంబరు 15న ముంబయిలో జన్మించి, హైదరాబాదులో పెరిగెను. ఆరవయేట రాకెట్టు పట్టినది. తండ్రి ఇమ్రాను మీర్జాయే ఆమెకు శిక్షకుడు. చిన్ననాట ఆవుపేడతో అలికిన కోర్టులపై ఆడినట్లు ఆమెయే చెప్పియున్నది. చదువును విడువక హైదరాబాదులోని సెయింట్ మేరీస్ కళాశాలలో చేరినది. 2003లో వింబుల్డను బాలికల డబుల్సులో రష్యా బాలిక అలీసా క్లేబనోవాతో కలిసి గెలిచినది. 2005లో హైదరాబాదులో జరిగిన పోటీలో నెగ్గి, మహిళా టెన్నిసు సంఘపు సింగిల్సు బిరుదు పొందిన తొలి భారతీయురాలైనది. 2007 ఆగస్టులో సింగిల్సు క్రీడాకారిణులలో ప్రపంచమున 27వ స్థానమునకెక్కినది.

అంతలో ఎదురుదెబ్బ తగిలెను. 2008లో మణికట్టు గాయము వలన బీజింగు ఒలింపిక్సులో ఆట నడుమనే విరమింపవలసి వచ్చెను. మణికట్టునకును మోకాళ్లకును శస్త్రచికిత్సలు జరిగినవి. సింగిల్సు ఆటలో కోర్టంతయు ఒక్కరే పరుగెత్తవలెను. ఆ శ్రమను దేహము ఓర్వజాలకుండెను. కావున 2013లో సింగిల్సు ఆటకు స్వస్తి చెప్పుచున్నట్లు ప్రకటించెను. ఒక దారి మూసికొనిపోయినది. ఆమె ఆటను విడువలేదు. రెండవ దారి పట్టినది. తన బలమగు ఫోర్‌హ్యాండు దెబ్బను డబుల్సు ఆటకు అంకితము చేసెను.

ఒక స్త్రీ ఒక పురుషుడు కలిసి ఆడు మిక్స్‌డ్ డబుల్సులో ఆమె అదివరకే 2009, 2012, 2014 సంవత్సరములలో మూడు గ్రాండ్‌స్లామ్ బిరుదులు గెలిచియుండెను. ఆస్ట్రేలియా, ఫ్రెంచి, వింబుల్డను, అమెరికా పోటీలు నాలుగింటిని గ్రాండ్‌స్లామ్ పోటీలందురు. కాని స్త్రీల డబుల్సులో అట్టి బిరుదు ఇంకను చేతికందలేదు. 2011లో ఫ్రెంచి పోటీ తుది ఆటవరకు చేరి, చెకు దేశపు జంటయగు హ్లవచ్‌కోవా, హ్రదెత్‌స్కాల చేతిలో ఓడియుండెను. నాటి ఆటలో ఆమె జతగత్తె రష్యాకు చెందిన ఎలీనా వెస్నినా. ఈ పేర్లను గుర్తుంచుకొనుడు.

2015 సంవత్సరారంభమున సిడ్నీలో అమెరికా వనిత బెథనీ మాటెక్ సాండ్సుతో కలిసి ఒక బిరుదు గెలిచెను. తరువాత తైవాను వనిత షే సువేతో జతకట్టి ఆడినది గాని, ఆ జత ఎక్కువకాలము నిలువలేదు. మార్చి నెలలో స్విట్జర్లాండునకు చెందిన మార్టినా హింగిసుతో కలిసినది. హింగిసు సామాన్యురాలు కాదు. 1997లో పదునారేండ్ల ప్రాయముననే సింగిల్సులో ప్రపంచ ప్రథమ స్థానము నధిష్ఠించినది. ఆటనుండి విరమించి, మరల వచ్చినది. వల యొద్ద ఆమె నేర్పు అసాధారణము. ఎదుటివారు బంతిని ఎటు పంపుదురో ముందుగనే పసిగట్టును. వెనుకనుండి సానియా బలము, ముందునుండి హింగిసు యుక్తి: ఒకరి కొరతను ఒకరు తీర్చునట్టి జంట కుదిరినది.

ఫలితము వెంటనే కనబడెను. ఇండియన్ వెల్స్, మయామీ, చార్లెస్టను అను మూడు అమెరికా పట్టణములలో వరుసగా మూడు బిరుదులు గెలిచిరి. ఏప్రిలు నెలలో సానియా డబుల్సులో ప్రపంచ ప్రథమ స్థానమునకెక్కినది. భారత వనితలలో ఆ స్థానము పొందినవారు అంతకు ముందు లేరు.

అంతయు పూలబాట కాలేదు. ఫ్రెంచి పోటీలో, నాలుగవ అంతస్తునందే, మాటెక్ సాండ్సు, లూసీ షఫరోవాల చేతిలో ఓడిరి. సిడ్నీలో తోడు నిలిచిన మాటెక్ సాండ్సే పారిసులో ఎదురు నిలిచినది. డబుల్సు ఆటలో నిన్నటి చెలికత్తె నేటి ప్రత్యర్థి యగుట సాధారణము. అందు పగ లేదు, పట్టుదల మాత్రమే కలదు.

ఆ సంవత్సరము జూలై 14న గోదావరి మహాపుష్కరములు ఆరంభమైనవి. రాజమహేంద్రవరపు రేవులన్నియు యాత్రికులకై సిద్ధమగుచుండిన ఆ దినములలోనే, జూలై 11వ తేది శనివారమున, వింబుల్డను ప్రధాన కోర్టులో స్త్రీల డబుల్సు తుది ఆట జరిగెను. ప్రత్యర్థులు రష్యా జంటయగు ఎకటరీనా మకరోవా, ఎలీనా వెస్నినాలు. 2011లో సానియాకు జతగా నిలిచిన వెస్నినాయే నేడు వలకు ఆవల నిలిచెను.

మొదటి సెట్టు రష్యా జంట 7-5తో గెలిచెను. రెండవ సెట్టులో ఇరుపక్షములు సమానముగా పోరాడి, టైబ్రేకులో సానియా, హింగిసులు నెగ్గిరి. మూడవ సెట్టులో ప్రత్యర్థులు 5-2కు చేరిరి. ఇంకొక్క గేము చిక్కినచో బిరుదు వారిదే. అట్టి తరుణమున జంటలో ఒకరు నిరాశ చెందినను, ఒకరినొకరు నిందించుకొన్నను ఆట ముగిసెడిది. వీరట్లు చేయలేదు. పోయిన పాయింటును తలపక, రాబోవు పాయింటునే తలంచిరి. గేము వెంట గేము గెలిచి 5-5కు వచ్చిరి. సంధ్య వ్రాలుటచే ఆట నిలిపి, కోర్టుపై కప్పు మూసి దీపములు వెలిగించిరి. మరల ఆట మొదలైనపుడు వారి పట్టు సడలలేదు. మరి రెండు గేములు గెలిచి 7-5తో సెట్టును, బిరుదును చేజిక్కించుకొనిరి. 2-5 నుండి వరుసగా ఐదు గేములు! స్త్రీల డబుల్సులో గ్రాండ్‌స్లామ్ గెలిచిన తొలి భారతీయురాలు సానియా యైనది.

సెప్టెంబరులో అమెరికా పోటీ తుది ఆటలో 6-3, 6-3తో గెలిచిరి. తరువాత చైనాలోని గ్వాంగ్‌జౌ, వూహాను, బీజింగు పట్టణములలోను, సింగపూరులో సంవత్సరాంతమున జరుగు పోటీలోను విజయము సాధించిరి. ఆ సంవత్సరము ఈ జంట గెలిచిన బిరుదులు తొమ్మిది. సిడ్నీతో చేర్చిన సానియావి పది. 2016 జనవరిలో ఆస్ట్రేలియా బిరుదును కూడ గెలిచిరి. అప్పుడు తుది ఆటలో ఓడినవారెవరు? 2011లో పారిసునందు సానియాను ఓడించిన హ్లవచ్‌కోవా, హ్రదెత్‌స్కాలే! వరుసగా 41 ఆటలు ఓటమి యెరుగక ఆడిన పిదప, ఆ ఫిబ్రవరిలో దోహాలో వీరి పరంపర ఆగెను. ఆగస్టులో జంట విడిపోయెను. కలిసి గెలిచిన బిరుదులు మొత్తము 14. సానియా డబుల్సు ప్రథమ స్థానమున నిలిచిన కాలము 91 వారములు. భారత ప్రభుత్వము ఆమెకు 2015లో రాజీవ్ గాంధీ ఖేల్‌రత్న, 2016లో పద్మభూషణ పురస్కారములిచ్చి గౌరవించెను.

ఇక జట్టు మాటకు మరల వత్తము. దేశముల మధ్య జరుగు స్త్రీల టెన్నిసు పోటీ 1963లో ఫెడరేషన్ కప్పు పేర మొదలైనది. నేడు దానిని బిల్లీ జీన్ కింగ్ కప్పు అందురు. 2020 మార్చిలో దుబాయిలో జరిగిన ఆసియా, ఓషియానియా అంచెలో రెండు సింగిల్సు, ఒక డబుల్సు చొప్పున ఆటలు జరిగినవి. భారత జట్టు మొదట చైనా చేతిలో ఓడి, తరువాత ఉజ్బెకిస్తాను, కొరియా, తైవానులను గెలిచినది. చివరగా ఇండొనీషియాతో తలపడవలసి వచ్చెను. మొదటి సింగిల్సులో రుతుజా భోస్లే ఓడెను. రెండవ దానిలో అంకితా రైనా గెలిచి లెక్క సరిచేసెను. ఇక మిగిలినది డబుల్సు. 2018లో తల్లియై, ఆటకు మరల వచ్చిన సానియా, అంకితతో కలిసి ఆ ఆట గెలిచెను. భారత వనితల జట్టు ఆ పోటీలో ప్రపంచ స్థాయి ప్లేఆఫ్ అంచెకు చేరుట అదియే మొదటిసారి. దీనికిగాను సానియాకు ఫెడ్ కప్ హార్ట్ అను పురస్కారము లభింపగా, దానితో వచ్చిన 2,000 డాలర్లను ఆమె తెలంగాణ ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చివేసెను. 2023లో ఆమె ఆటనుండి విరమించెను.

విద్యార్థులారా! ఆనాడు దుబాయిలో రుతుజ ఓడినది గాని జట్టు ఓడలేదు. ఒకరి ఓటమిని మరియొకరు భరించి, ఇరువురు కలిసి సరిదిద్దిరి. వింబుల్డనులో 2-5 యొద్ద నిలిచిన జంటను నిలబెట్టినదియు ఆ భరించు గుణమే. మీ పాఠశాల జట్టులో మీది మొదటి స్థానము కావచ్చును, చివరి స్థానము కావచ్చును. ప్రక్కనున్నవారు తప్పినపుడు ఆ ఖాళీని నింపుటకు ఒక అడుగు వేయగలిగినవారే జట్టునకు నిజమైన బలము.