ఇన్సూరెన్స్ ఉందండీ... ఎవరికి?

ఆదివారం తెల్లవారుజామున శంషాబాద్ వైపు వెళ్లి చూడండి. విమానాశ్రయానికి పరుగులు తీసే ట్యాక్సీల మధ్యలోంచి, వెనక క్రికెట్ కిట్లు కట్టుకున్న బైకులు, పిల్లల్ని కుక్కుకున్న వ్యాన్లు పక్కదారి పడుతుంటాయి. కొత్వాల్‌గూడ, నర్కూడ, పాల్మాకుల, ఇంకా ముందుకెళ్తే మొయినాబాద్... ఎటు చూసినా మైదానాలే. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి ఇక్కడికి మారాక భూముల ధరలే కాదు, పొలాల రూపూ మారిపోయింది. ప్లాట్లు కానివి కొన్ని పిచ్‌లయ్యాయి. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాళ్లు ఆదివారం అద్దె కట్టి ఆడుకునేది అక్కడే. సానియా మీర్జా టెన్నిస్ అకాడమీ 2013లో మొదలైందీ ఈ చుట్టుపక్కలే, ముర్తుజాగూడలో. ఇక చిన్నాచితకా కోచింగ్ క్యాంపులకు లెక్కే లేదు.

ఏ క్యాంపులోనైనా చేరే రోజు తంతు ఒకటే. ఫీజు కడుతూ తండ్రి అడుగుతాడు, 'ఇన్సూరెన్స్ ఉందా సార్?' అని. 'ఉందండీ, అందరికీ ఉంది' అంటారు వాళ్లు. ఆ మాట వినగానే ఆయన నిశ్చింతగా రెండో కాగితం మీద కూడా సంతకం పెట్టేస్తాడు. ఆటలో ఏ ప్రమాదం జరిగినా యాజమాన్యానికి సంబంధం లేదని ఉంటుంది అందులో!

అందరికీ ఉన్నప్పుడు ఆ రెండో కాగితం ఎందుకు? అసలు ఆ 'అందరి'లో మీ అబ్బాయి ఉన్నాడా?

రెండు పాలసీలు, రెండు దారులు

క్రీడా సంస్థలు తీసుకునే పాలసీల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి పబ్లిక్ లయబిలిటీ. హోటళ్లు, సినిమా హాళ్లు, బడులు, స్టేడియాలు తీసుకునేది ఇదే. రెండోది గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ. పేర్లు పక్కపక్కనే వినిపించినా ఇవి చేసే పనులు వేరు.

మొదటిది కాపాడేది పిల్లాణ్ని కాదు, సంస్థని. నెట్ కట్టిన ఇనుప స్తంభం తుప్పు పట్టి పిల్లాడి మీద పడిందనుకోండి. తప్పు యాజమాన్యానిది. వాళ్లు చెల్లించాల్సిన నష్టపరిహారాన్ని వాళ్ల తరఫున బీమా కంపెనీ భరిస్తుంది. అదే పిల్లాడు హెల్మెట్ పెట్టుకునే ఆడుతున్నాడు, కోచ్ పక్కనే ఉన్నాడు, అయినా బంతి వచ్చి వేలు విరగ్గొట్టింది. ఇందులో తప్పెవరిది? ఎవరిదీ కాదు. తప్పు లేనప్పుడు బాధ్యత లేదు, బాధ్యత లేనప్పుడు ఈ పాలసీ నుంచి రూపాయి రాదు. పైగా కొన్ని పాలసీలు ఆటలో పాల్గొంటున్నవారికి తగిలే దెబ్బల్ని మొదట్లోనే పక్కన పెట్టేస్తాయి. గ్రౌండ్ దాటిన సిక్సర్ పక్కింటి కారు అద్దం పగలగొడితే ఆ కారు యజమానికి దారి ఉంటుంది గానీ, బంతిని ఆపబోయి కిందపడిన ఫీల్డర్‌కు ఉండదు. విచిత్రమే, కానీ పాలసీ రాసింది అందుకే!

ఆ రెండో కాగితం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. సంస్థ నిర్లక్ష్యం రుజువైతే ఆ సంతకం ఒక్కటే వాళ్లను గట్టెక్కించదు. ఫీజు తీసుకుని శిక్షణ ఇవ్వడం సేవ కిందికి వస్తుంది కాబట్టి వినియోగదారుల కమిషన్ తలుపు తట్టవచ్చు. కాకపోతే అది ఏళ్లు పట్టే దారి. ఆసుపత్రి బిల్లు మాత్రం ఆ సాయంత్రమే కట్టాలి.

బొటనవేలికి పాతిక

తప్పెవరిదన్న ప్రశ్న లేకుండా డబ్బిచ్చేది రెండో పాలసీ, అంటే గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్. పిల్లలకు నిజంగా పనికొచ్చేది ఇదే. దీన్లోనూ మెలికలున్నాయి.

మన దేశంలో ఈ పాలసీల ధర కట్టడానికి మనుషుల్ని మూడు రిస్కు వర్గాలుగా విడగొట్టడం పాత సంప్రదాయం. డాక్టర్లు, లాయర్లు, టీచర్లు మొదటి వర్గం. భూగర్భ గనుల్లో పనిచేసేవాళ్లు, హైటెన్షన్ కరెంటు పనివాళ్లు, పర్వతారోహకులు, రేసింగ్ చేసేవాళ్లు, పోలో ఆటగాళ్లు మూడో వర్గం. మరి వృత్తిగా ఆడే క్రీడాకారులు? రెండో వర్గంలో, లారీ డ్రైవర్లు, మెకానిక్కులు, బ్యాంకు డబ్బు మోసేవాళ్ల పక్కన! టీవీలో మెరిసే స్టార్ ఆటగాడు బీమా వాళ్ల పట్టికలో లారీ డ్రైవరన్న పక్కనే కూర్చున్నాడన్నమాట.

ఇక చెల్లింపుల పట్టిక చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. ప్రాణం పోతే నూరు శాతం. రెండు కళ్లు పోయినా అంతే. ఒక కన్నో, ఒక చెయ్యో పోతే యాభై. బొటనవేలు పూర్తిగా పోతే ఇరవై అయిదు, చూపుడువేలికి పది, చిటికెనవేలికి నాలుగు. 'పోవడం' అంటే ఇక్కడ శాశ్వతంగా పోవడమే. విరిగి, కట్టు కట్టించుకుని, నెలన్నరలో అతుక్కుంటే ఈ పట్టికలో అది లెక్కలోకి రాదు.

మైదానంలో తరచూ జరిగేదేమో అదే! ఎముక విరగడం, మోకాలి లిగమెంట్ తెగడం, పళ్లు ఊడటం. లిగమెంట్ ఆపరేషన్ ఖర్చు లక్షల్లో ఉంటుంది. వైద్య ఖర్చుల కోసం విడిగా ఒక అదనపు కవర్ తీసుకోకపోతే యాక్సిడెంట్ పాలసీ దానికి పనికిరాదు. తీసుకున్నా, పాతకాలం నిబంధనలున్న పాలసీల్లో వైద్య ఖర్చు అసలు క్లెయిమ్‌కు తోక లాంటిది. మరణమో వైకల్యమో ఉంటేనే దాంట్లో కొంత శాతం వస్తుంది. అసలు లేకపోతే తోకా లేదు. పనికి వెళ్లలేని వారాలకు ఇచ్చే భత్యం సంపాదించేవాళ్లకే, చదువుకునే పిల్లలకు వర్తించదు.

అందుకే ఇంటి హెల్త్ పాలసీ ఉండటం ఇక్కడ పెద్ద అండ. ఆటలో దెబ్బ తగిలితే అది చెల్లదని చాలామంది అపోహ. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసి, 2020 అక్టోబరు నుంచి అన్ని కంపెనీలకూ వర్తింపజేసిన మినహాయింపు చదివితే సంగతి తెలుస్తుంది. వృత్తిగా ప్రమాదకర, సాహస క్రీడల్లో పాల్గొని గాయపడితేనే ఖర్చులు రావు. ఉదాహరణలుగా పర్వతారోహణ, మోటార్ రేసింగ్, గుర్రప్పందేలు, స్కైడైవింగ్ లాంటివి రాశారు. వేసవి సెలవుల్లో క్రికెట్ నేర్చుకునే మీ అమ్మాయికి ఆ వాక్యం అడ్డు రాదు. ఆసుపత్రిలో చేరితే ఆ పాలసీయే ఆదుకుంటుంది. ఫిజియోథెరపీ బిల్లుల దగ్గర మాత్రం పేచీ రావచ్చు.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది కదా అంటారేమో. ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా, మంచి పథకమే. కానీ 18 ఏళ్లు నిండాలి. క్యాంపులకొచ్చే పిల్లల్లో అత్యధికులు ఆ గడప ఇవతలే ఉంటారు.

కుప్పకూలితే ప్రమాదం కాదు

పిల్లల సంగతి అలా ఉంచి పెద్దల దగ్గరికి వద్దాం. 2023 ఫిబ్రవరిలో లాలాపేటలో ఒకరు, 2025 జులైలో నాగోల్‌లో మరొకరు షటిల్ ఆడుతూ ఆడుతూనే కూలిపోయారు. అలాంటి వార్త చదివిన ప్రతిసారీ, వారానికోసారి బ్యాటు పట్టే నలభై ఏళ్ల నాన్నలున్న ఇళ్లలో గుబులే. ఆదివారం టోర్నీ నిర్వాహకులు 'ఆటగాళ్లందరికీ ప్రమాద బీమా' అని రాస్తే ఇలాంటిది అందులోకి వస్తుందా? రాదు. బీమా భాషలో ప్రమాదమంటే బయటినుంచి, కంటికి కనిపించేలా, బలంగా, అనుకోకుండా తగిలేది. పిడుగు పడితే ప్రమాదం. గుండె ఆగితే అనారోగ్యం. గ్రౌండ్ మధ్యలో ఆగినా అంతే. దానికి జీవిత బీమా కావాలి. ఏడాదికి 436 రూపాయల ప్రధానమంత్రి జీవన్ జ్యోతి పాలసీ ఏ కారణంతో మరణించినా 2 లక్షలిస్తుంది. 18 నుంచి 50 ఏళ్లలోపు వాళ్లు చేరవచ్చు.

జాబితాలో లేనివాళ్లు

మ్యాచ్ జరగాలంటే ఇరవై ఇద్దరే చాలరు. అంపైర్లు, స్కోరు రాసే కుర్రాడు, పిచ్ మీద రోలర్ లాగే మనిషి, నీళ్ల డబ్బాలు మోసే పిల్లాడు... వీళ్లు ఏ పాలసీలో ఉన్నారు?

గ్రూప్ పాలసీ నడిచేది పేర్ల జాబితా మీద. జాబితాలో పేరుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టే. జీతం రిజిస్టర్లో ఉన్న గ్రౌండ్స్‌మన్‌కు పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారానికి చట్టం అండ ఉంది. 1923 నుంచీ ఉన్న రక్షణ అది. రోజుకూలీకి పిలిచిన మనిషి పేరు ఏ రిజిస్టర్లోనూ ఉండదు గనక తాను పనిచేశానని రుజువు చేసుకోవడమే పెద్ద పని అవుతుంది. స్నేహం కొద్దీ వచ్చి అంపైరింగ్ చేసిన పెద్దమనిషి ఉద్యోగీ కాడు, ఆటగాడూ కాడు. ఆయన రెండు కుర్చీల మధ్య నేల మీద పడతాడు.

అమెరికాలో ఉన్న మన బంధువుల పిల్లలు లిటిల్ లీగ్ బేస్‌బాల్ ఆడుతుంటారు కదా, అక్కడి ప్రమాద బీమాలో ఆటగాళ్లతోపాటు మేనేజర్లు, కోచ్‌లు, అంపైర్లు, స్కోరర్లు, వాలంటీర్లు కూడా లెక్కలోకి వస్తారు. ఒక కిటుకు ఉంది లెండి. ముందు ఇంటి ఇన్సూరెన్స్ చెల్లించాక మిగిలిందే అది భరిస్తుంది.

మన దగ్గరా కదలిక ఉంది. 2021లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా 13 వేలమందికి పైగా క్రీడాకారులకు, కోచ్‌లకు, సహాయ సిబ్బందికి బీమా ప్రకటించింది. ఏడాదికి 5 లక్షల ఆరోగ్య బీమా, 25 లక్షల ప్రమాద బీమా. శిక్షణ శిబిరం నడిచే రోజులకే కాకుండా ఏడాది పొడుగునా. కోచ్‌లనూ సిబ్బందినీ కలపడం ఇందులో మెచ్చుకోవలసిన సంగతి. మహారాష్ట్రలో ఉట్టి కొట్టే గోవిందాల సంగతి మరీ ముచ్చట. 2023లో అక్కడి ప్రభుత్వం 50 వేలమందికి బీమా చేయించింది. తలకు ప్రీమియం 75 రూపాయలు. ఒక క్రికెట్ బంతి ధర కూడా కాదు!

గేటు బయట ఎవరు?

2022 సెప్టెంబరు 22న సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర జరిగింది హైదరాబాదీలు మర్చిపోలేదు. ఉప్పల్‌లో భారత్-ఆస్ట్రేలియా టీ20 మ్యాచ్ టిక్కెట్ల కోసం వేలమంది ఎగబడి తొక్కిసలాట జరిగింది. పలువురు గాయపడ్డారు. మ్యాచ్ ఇంకా మూడు రోజులుంది, ఆడేది వేరే చోట. గాయపడినవాళ్లు ప్రేక్షకులా, బాటసారులా? 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర 11 మంది ప్రాణాలు కోల్పోయిన తొక్కిసలాటలోనూ ప్రమాదం గేట్ల దగ్గరే. మ్యాచ్‌కు తీసుకునే లయబిలిటీ పాలసీలో ఏ ఆవరణ, ఏ తేదీలు, ఏ గంటలు అని రాసి ఉంటుంది. క్యూ ఆ గీత దాటి రోడ్డెక్కితే వాదన మొదలవుతుంది. పాలసీ లేకపోయినా, చెల్లకపోయినా నిర్వాహకుల బాధ్యత పోదు. డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్నదే తేడా.

పెద్ద సంస్థలు తమ డబ్బుకు చేసుకున్నంత బీమా మనుషులకు చేయవన్న విమర్శ ఊరికే రాలేదు. వింబుల్డన్ నిర్వాహకులు ఏళ్ల తరబడి అంటువ్యాధుల బీమా కట్టి, 2020లో టోర్నీ రద్దవగానే కోట్ల పౌండ్లు రాబట్టుకున్నారు. ఫుట్‌బాల్‌లో ఫిఫా 2012లో తెచ్చిన పథకం చూడండి. దేశం తరఫున ఆడుతూ ఆటగాడు గాయపడి 28 రోజులకు మించి మూలన పడితే, రోజుకు 20,548 యూరోల వరకు చెల్లిస్తారు. ఎవరికి? అతని క్లబ్బుకి! నొప్పి ఆటగాడిది, చెక్కు క్లబ్బుది. అతని జీతం ఆగకుండా చూసేందుకే అనుకోండి.

వ్యాన్ ఎక్కే ముందు

శంషాబాద్ మైదానాలకు చేరాలంటే బెంగళూరు హైవేనో, ఔటర్ రింగ్ రోడ్డో పట్టాలి. ఆటలో కన్నా దారిలోనే గండం ఎక్కువ. అకాడమీ బస్సుకు సక్రమంగా పర్మిటూ బీమా ఉంటే లోపలున్న పిల్లలకు మోటారు వాహన ట్రిబ్యునల్‌లో పరిహారం అడిగే హక్కుంది. వంతులేసుకుని తల్లిదండ్రులే తమ కార్లలో దించుతున్నప్పుడు మాత్రం ఒకసారి పాలసీ చూసుకోవాలి. కేవలం థర్డ్ పార్టీ పాలసీ అయితే కారులో కూర్చున్న పక్కింటి పిల్లలకు అది అక్కరకు రాకపోవచ్చు. యాక్సిడెంట్ గ్రూప్ పాలసీ కూడా రోజంతా వర్తిస్తుందా, ప్రయాణంలో వర్తిస్తుందా, ఆడే గంటల్లో మాత్రమేనా అన్నది కాగితంలో ఉంటుంది.

ఆ కాగితం అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. గ్రూప్ పాలసీ అసలు ప్రతి అకాడమీ దగ్గరే ఉంటుంది గానీ, అందులో చేరిన ప్రతి సభ్యుడికీ బీమా సర్టిఫికెట్ ఇవ్వాలన్నది నిబంధన. దాని మీద పిల్లాడి పేరుందా, వైద్య ఖర్చుల కవర్ ఉందా, గడువు ఎప్పటిదాకా ఉందో చూడటానికి రెండు నిమిషాలు చాలు. క్యాంపు ఏప్రిల్లో మొదలై పాలసీ మార్చితో ముగిసిపోయి ఉండే అవకాశమూ లేకపోలేదు!

దెబ్బ తగిలిన రోజే అకాడమీకి రాతపూర్వకంగా చెప్పి, ఆసుపత్రి కాగితాల్లో ఎక్కడ, ఎలా తగిలిందో రాయించుకోవాలి. క్లెయిమ్ దగ్గర కంపెనీ మొండికేస్తే ముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. 50 లక్షల వరకు తీర్పు చెప్పగలరు, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. హైదరాబాద్‌లోనే కార్యాలయం ఉంది. దేశంలోని బీమా కంపెనీలన్నిటినీ అదుపులో పెట్టే ఐఆర్‌డీఏఐ ఉన్నదీ మన నానక్‌రామ్‌గూడలోనే. శంషాబాద్ మైదానాల నుంచి ఔటర్ మీద అరగంట దారి. అంత దూరం వెళ్లే ఓపిక లేనివాళ్లు 155255కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు.