యుద్ధం వల్ల దేశం బాగుపడుతుందా? దత్తమండలాల అనుభవం

యుద్ధానంతరం ఒక దేశం మునుపటికంటే మెరుగైన స్థితికి చేరగలదా అన్న చర్చ వచ్చినప్పుడల్లా జపాన్‌నూ, జర్మనీనీ చూపుతారు. 1945లో బూడిదకుప్పలైన ఆ దేశాలు ఒక తరం గడవకముందే సంపన్న దేశాల వరుసలో నిలిచాయి కదా అంటారు. కాదనేవారు 2003 తర్వాతి ఇరాక్‌ను చూపుతారు. ఈ ప్రశ్నకు సమాధానం వెతకటానికి అంత దూరం పోనవసరం లేదు. నంద్యాల, ఆళ్ళగడ్డ పరిసరాలు రెండు వందల ఏళ్ళ క్రితమే ఈ అనుభవాన్ని చవిచూశాయి.

మైసూరు యుద్ధాల కాలం అది. 1792లో నిజాం, మరాఠాలు, ఈస్టిండియా కంపెనీ ఏకమై టిప్పు సుల్తాన్‌ను ఓడించి ఆయన రాజ్యంలో సగం పంచుకున్నారు. కడప ప్రాంతం నిజాం వాటాకు వచ్చింది. 1799 మే 4న శ్రీరంగపట్నం కోటలో టిప్పు అమరుడయ్యాడు. ఈసారి గుత్తి, గుర్రంకొండ సీమలు నిజాంకు దక్కాయి. దక్కినవి ఏడాదిన్నరకు మించి ఆయన చేతిలో నిలవలేదు. హైదరాబాదులో మకాం పెట్టిన కంపెనీ సైన్యపు ఖర్చు కింద 1800 అక్టోబరులో ఆ రెండు యుద్ధాల రాబడినీ నిజాం అలీఖాన్ కంపెనీకే ఒప్పగించాడు. అవే దత్తమండలాలు. గెలిచిన రాజు గెలుచుకున్న నేలనే తన రక్షకులకు జీతంగా చెల్లించాడన్నమాట! ఈ యుద్ధాలను మతయుద్ధాలుగా చిత్రించేవారు నేటికీ ఉన్నారు. ఒక ముస్లిం పాలకుని రాజ్యాన్ని మరొక ముస్లిం పాలకుడు ఎవరెవరితో కలిసి పంచుకున్నాడో చూస్తే ఆ చిత్రం నిలవదు.

కోవెలకుంట్ల వైపు గ్రామాలు ఈ విధంగా కంపెనీ ప్రత్యక్ష పాలనలోకి పోయాయి. నంద్యాల, శిరివెళ్ల ప్రాంతం మాత్రం కర్నూలు నవాబుల కిందనే ఉండి, వారు కట్టే లక్ష రూపాయల పేష్కష్ కంపెనీకి చేరసాగింది.

తర్వాత ఏమైంది? మేలు జరిగిందనేవారి వాదనను తేలిగ్గా తోసిపుచ్చరాదు. 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఎనభై మంది పాళెగాళ్ళను అణచివేశాడు. పొలాలు కొలిపించాడు, రైతువారీ పద్ధతిలో రైతుకు పన్ను నిర్ణయించాడు. పాళెగాళ్ళ దాడులకూ, కావలి రుసుములకూ విసిగిన రైతుకు ఇది నిజమైన ఊరట. అయితే ఆ అరాచకం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగాలి. విజయనగర పతనం మొదలు ఈ సీమ మీదుగా నడిచిన ప్రతి సైన్యమూ తన వెనుక కొందరు ఆయుధధారులనూ, కొన్ని కొత్త హక్కుదారీలనూ వదిలిపోయింది. యుద్ధాలు పెంచిన రోగాన్ని తగ్గించినంత మాత్రాన యుద్ధం వైద్యం కాబోదు.

ఆ ఊరటకైనా వెల ఉంది. పన్ను ఎంత ఎక్కువగా ఉన్నదంటే, దాన్ని నాలుగో వంతు తగ్గించాలని 1807లో మన్రోయే సిఫారసు చేశాడు. పై అధికారులు వినలేదు. రైతువారీని పక్కనపెట్టి గ్రామాలను గుత్తలకిచ్చారు. 1820లో తాను గవర్నరై తిరిగి వచ్చాకగాని ఆ తగ్గింపు అమలు కాలేదు. నడుమ గడిచిన పదమూడేళ్ళూ ఆ బరువు మోసినవాడు రైతు. (1827లో మన్రో పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. ఈ సీమ జనం ఆయనను నేటికీ తలుచుకుంటారు. మనిషి మంచితనం వేరు, ఏర్పాటు వేరు.)

తుపాకులు ఆగినా యుద్ధపు లెక్కలు మూయబడలేదు. ఆయుధాలు పోగుచేస్తున్నాడన్న అభియోగంపై 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పదవీచ్యుతుణ్ణి చేశారు. జొహరాపురం వద్ద ఆయన సైనికులు ఎందరో ప్రాణాలు కోల్పోయారు. మరుసటి ఏడు తిరుచిరాపల్లిలో నవాబు హత్యకు గురయ్యాడు. ఆ విధంగా నంద్యాల కూడా కంపెనీదయింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానాపై పడ్డాడు. ఆయన వెంట నడిచినవారిలో ఇనాం భూములు పోగొట్టుకున్న కట్టుబడి బంట్లు ఉన్నారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయనను ఉరితీసి, తలను ఏళ్ళ తరబడి కోటగుమ్మానికి వేలాడదీశారు. 1800లో సంతకమైన శాంతికి నలభై ఆరేళ్ళ తర్వాతి సంగతి ఇది.

ఇక కాలువ మాట. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కర్నూలు-కడప కాలువ నంద్యాల సీమకు మేలు చేసిందనుటలో సందేహం లేదు. అయితే దానిని తవ్వించినది యుద్ధం కాదు, శాంతికాలపు పెట్టుబడి. ఆ పెట్టుబడికి నూటికి ఐదు వంతున వడ్డీ పూచీ పడినది ప్రభుత్వం, అనగా పన్ను కట్టే జనం. కాలువ ఉండగానే 1876-78 కరవు వచ్చింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా నాలుగింట ఒక వంతుకు పైగా జనాన్ని కోల్పోయింది.

దివ్య ఖుర్ఆన్ నమ్ల్ సూరాలో సబా రాణి మాట ఒకటి ఉంది. రాజులు ఒక ఊరిలో ప్రవేశిస్తే దానిని పాడుచేస్తారనీ, అక్కడి గౌరవనీయులను హీనులుగా చేస్తారనీ ఆమె తన ప్రముఖులను హెచ్చరిస్తుంది. హజ్ సూరాలో దౌర్జన్యానికి గురైనవారికి పోరాడే అనుమతి ఉంది. కారణం కూడా అక్కడనే ఉంది: అడ్డుకునేవారు లేకపోతే మఠాలు, చర్చీలు, యూదుల ఆలయాలు, మసీదులు కూల్చబడేవని. అంటే ఆ పోరాటం ఉన్నదాన్ని కాపాడటానికే గాని లేనిదాన్ని సంపాదించటానికి కాదు. సిరియాకు సేనలను పంపుతూ హజ్రత్ అబూబకర్ (రజి) పండ్లచెట్లు నరకవద్దనీ, ఊళ్ళు పాడుచేయవద్దనీ ఆదేశించటం కూడా ఈ దృష్టితోనే. దౌర్జన్యాన్ని ఆపే యుద్ధం నష్టాన్ని ఒక హద్దు వద్ద ఆపగలదు. లాభం మాత్రం ఆ తర్వాత మనుషులు చేసే న్యాయం నుంచి, చదువు నుంచి, తవ్వే కాలువ నుంచి రావలసిందే. జపాన్, జర్మనీలు లేచినదీ యుద్ధానికి ముందే నేర్చిన పనితనంతో, తర్వాత దొరికిన శాంతితో.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. దేశం బాగుపడిందనేటప్పుడు ఏ దేశం, ఎవరు అన్నది తేల్చరు. రైతువారీ పట్టా పొందినవాడూ, ఇనాం పోయిన కట్టుబడివాడూ, జొహరాపురంలో పడిపోయిన సిపాయి భార్యా ఒకే దేశంవారే. ఒకరి లాభంతో మరొకరి నష్టాన్ని కొట్టివేసే లెక్క రెవెన్యూ రికార్డులకు చెల్లవచ్చు.

1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు దత్తమండలాల ప్రతినిధులు విడిగా సమావేశమయ్యారు. ఒకరు మరొకరికి ధారపోసిన సరుకు అన్నట్లు వినిపించే ఆ పేరును విడిచి, చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అన్న పేరును స్వీకరించారు. ఆ ఒక్క మాటను వదిలించుకోవటానికి నూట ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది.