శిశువుల అంటురోగములు – తల్లిదండ్రుల కర్తవ్యము

పూర్వము బిడ్డకు జ్వరము వచ్చిన నది ఆ యింటివారి చింత. పదిమంది బిడ్డలు పగలెల్ల నొకచోట పెరుగు నీ దినములలో నది పది యిండ్ల చింత. హైదరాబాదు పడమటి భాగమున 1998లో సైబర్ టవర్సు వెలసిన పిమ్మట మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరులలో దూరపు జిల్లాలనుండి వచ్చి కాపురములు పెట్టినవారు వేలకు వేలు. అనేక గృహములలో దంపతు లిరువురును ఉద్యోగస్థులు. అమ్మమ్మయు నాయనమ్మయు స్వగ్రామముల నున్నారు. కావున ఏడాది నిండని బిడ్డయు డేకేరునకు పోవలసి వచ్చుచున్నది. ఇది దోషమని మేము చెప్పము. అక్కడ ఒకే బొమ్మ పదిమంది నోళ్లను చేరునని మాత్రము జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఉదయము బిడ్డ యొడలు వెచ్చబడును. తొమ్మిది గంటలకు కార్యాలయమున ముఖ్యమైన పని. పారాసిటమాలు పోసి బిడ్డను పంపుట కొందరికి వాడుక యైనది. ఈ మందు వేడిని దించునే గాని అంటును పోగొట్టదు. మధ్యాహ్నమునకు జ్వరము తిరుగబెట్టును. ఈలోపల తోడి పిల్లలకు రోగ మంటును. వారిలో నొకరి యింట పురిటిబిడ్డ యుండవచ్చును. పెద్దపిల్లలకు పడిసెముగా పోవునది పసికందునకు ప్రాణాపాయము కావచ్చును.

డేకేరులలో తరచుగా కనబడునది చేతులు, పాదములు, నోటియందు పొక్కులు లేచు వ్యాధి. దీనిని ఆటలమ్మ యని తలచి వేపమండలు కట్టువారు కలరు. ఆటలమ్మ పొక్కులు సాధారణముగా వీపు, పొట్ట, ముఖములపై మొదలిడి దురద పెట్టును. ఈ వ్యాధి అరచేతులను, అరికాళ్లను, నోటి లోపలిభాగమును ఆశ్రయించును. నోటిమంటచే బిడ్డ అన్నము మ్రింగజాలడు. చల్లని పాలు, మెత్తని అన్నము కొద్దికొద్దిగా నీయవలెను. వారము పది దినములలో సాధారణముగా తానే నెమ్మదించును. యాంటిబయాటిక్ మందులు దీనికి పనిచేయవు. పొక్కులు మానిన తరువాతను కొన్ని వారములు మలమున అంటు ఉండును గనుక డైపరు మార్చిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగవలెను, శానిటైజరు చాలదు.

విరేచనములు పండ్లు వచ్చుటచే కలుగునని పెద్దలందురు. కనబడినదెల్ల నోటబెట్టుకొను వయస్సును అదియే యగుటచే అట్లు తోచును. పొట్లముపై వ్రాసిన కొలతనీటిలో ఓ.ఆర్.ఎస్. కలిపి చెంచాతో పట్టవలెను, చనుబాలు మాన్పరాదు. తియ్యని పానీయములకు ఓ.ఆర్.ఎస్. అను పేరు తగదని హైదరాబాదు శిశువైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏండ్లతరబడి పోరాడిరి. 2025 అక్టోబరులో దేశపు ఆహార ప్రమాణముల సంస్థ ఆ వాడుకను నిషేధించినది. తీవ్రమైన విరేచనములను కలిగించు రోటా వైరసునకు మన హైదరాబాదు భారత్ బయోటెక్ వారి టీకాచుక్కలు 2016లో జాతీయ కార్యక్రమమున చేరినవి. ఆరు, పది, పదునాలుగు వారముల వయస్సున ప్రభుత్వ కేంద్రములలో రోటా టీకాను ఉచితముగా వేయుదురు. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండిన పిదప నొకమారు, పదునారవ నెల దాటిన పిదప మరియొకమారు వేయించవలెను. ఆ రెండవదానినే పలువురు మరతురు.

మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరము వచ్చినను, శ్వాసతో డొక్క లెగురుచున్నను, మూత్రము మిక్కిలి తగ్గినను, బిడ్డ పాలు త్రాగక మగతగా నున్నను, మూర్ఛ వచ్చినను తెల్లవారువరకు వేచియుండక వైద్యుని యొద్దకు పోవలెను.

ఇక సెలవు మాట. ఏబదిమంది పనిచేయు సంస్థకు శిశుశాల యుండవలెనని, తల్లి దినమునకు నాలుగుమార్లు బిడ్డను చూచి రావచ్చునని 2017నాటి చట్టసవరణ విధించినది. కాని జ్వరపు బిడ్డకు శిశుశాల తగదు, ఇల్లే తగును. ఆ దినమున సెలవు పెట్టవలసినది ఎల్లప్పుడు తల్లియేనా? తండ్రి యొకనాడు, తల్లి యొకనాడు వంతు వేసికొనినచో ఇరువురి యుద్యోగములును నిలుచును. మందు లేకయే ఒక దినమెల్ల జ్వరము రాక, విరేచనములు కట్టి రెండు దినములు గడచి, బిడ్డ మునుపటివలె తినుచు ఆడుచున్నప్పుడే మరల పంపవలెను. వ్యాధి సంగతి డేకేరువారికి దాచక తెలుపుడు. మన బిడ్డను పొరుగుబిడ్డనుండి కాపాడగోరు సోదరీమణులు పొరుగుబిడ్డను మన బిడ్డనుండి కాపాడుటయు తమ విధిగా నెంచుదురుగాక.