స్టీరింగ్‌లో రబ్బరు బిళ్ళ ఎందుకు?

స్టీరింగ్ తిప్పితే బండి ముందు చక్రాలు తిరగాలి. వాటి మధ్య అంతా ఉక్కే ఉంటే మేలు కదా అని మీకు అనిపించవచ్చు. కాని 1970ల నాటి షెవర్లే సీ-10 వంటి అమెరికన్ పికప్ ట్రక్కుల్లో స్టీరింగ్ షాఫ్ట్‌కూ, స్టీరింగ్ బాక్స్‌కూ నడుమ గుడ్డపొరలు కలిపిన రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఈ కప్లింగ్‌ను 'రాగ్ జాయింట్' అంటారు. రాగ్ అంటే గుడ్డపేలిక.

రోడ్డు అదురు డ్రైవరు చేతులకు పూర్తిగా చేరకుండా ఈ బిళ్ళ తగ్గిస్తుంది. షాఫ్ట్, బాక్స్ సరిగ్గా ఒకే వరుసలో లేకపోయినా, ఆ కొద్దిపాటి తేడాను తాను వంగి సర్దుతుంది.

అయితే ఇంజను వేడికి, కారే నూనెకు రబ్బరు క్రమంగా పాడవుతుంది. అప్పుడు స్టీరింగ్ కొంత తిరిగినా చక్రాలు కదలవు. మెకానిక్కులు దీన్ని 'ప్లే' అంటారు. తప్పు ఎక్కడుందో తెలియాలంటే, ఇంజను ఆపి ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పుతుండగా మరొకరు కప్లింగ్‌ను గమనించాలి. పైభాగం తిరిగాక గాని కిందిభాగం కదలకపోతే బిళ్ళ మార్చవలసిందే.

విప్పే ముందు చక్రాలను తిన్నగా ఉంచి, షాఫ్ట్ మీద, కప్లింగ్ మీద గుర్తులు పెట్టుకోవాలి. లేకుంటే బిగించాక స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది. బోల్టులు కూడా తయారీదారు చెప్పిన రకానివే వాడి, చెప్పినంత బిగువుతోనే బిగించాలి.

మరి నడిరోడ్డు మీద బిళ్ళ తెగిపోతే? అందుకే కప్లింగ్‌లో రెండు ఉక్కు పిన్నులు అమర్చారు. బిళ్ళ తెగినా ఇవి ఎదుటిభాగానికి తగిలి దాన్ని తిప్పుతాయి. అయితే ఆ పిన్నులున్నది బండిని జాగ్రత్తగా గరాజుకు చేర్చడానికే!