ధాన్యం బస్తా - కూలీ నడుము

గోదావరి తూర్పు డెల్టాలోని మండపేట బియ్యం మిల్లులకు పేరు పొందిన ఊరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన పిదప కాలువల క్రింద వరి విస్తరించింది. వరి వెంట మిల్లులు వచ్చినవి. సార్వా, దాళ్వా పంటలు చేతికి వచ్చే రోజులలో ధాన్యం బస్తా కళ్ళంనుండి బండికి, బండినుండి మిల్లు కొట్టుకు, అక్కడ నెట్టుమీదికి చేరవలసి ఉంటుంది. యంత్రాలు ఎన్ని వచ్చినా ఈ మజిలీలలో కొన్నింటికి మనిషి వీపే వాహనం. ఈ ప్రాంతాలలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు అని లెక్క.

మిల్లులో ప్రమాదం అనగానే యంత్రపు పట్టీలో చిక్కుకొన్న చేయి, బాయిలరు వద్ద కాలిన ఒళ్ళు గుర్తుకు వస్తాయి. అవి భయంకరమైనవే. కాని తిరిగే యంత్రభాగానికి కంచె కట్టవచ్చును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అలా కట్టి తీరాలని శాసించింది కూడా. నడుముకు కంచె ఎక్కడ కట్టాలి? ఇందుకు సమాధానం ఉన్నత పాఠశాలలో చెప్పే తులాదండ సూత్రంలోనే ఉన్నది.

ముందుకు వంగి బరువెత్తే మనిషి నడుము, చేతులు సమానంగా లేని తక్కెడ వంటిది. వెన్నెముక అడుగున, కశేరుకల మధ్యనున్న మృదులాస్థి బిళ్ళ ఆధారబిందువు. ముందువైపున బస్తా, వెనుకవైపున దానిని నిలబెట్టే వీపు కండరాలు. ఈ కండరాలు ఆధారబిందువుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. బస్తా మాత్రం 40 సెంటీమీటర్ల దూరాన ఉన్నదనుకొందాం. ఇద్దరు కలిసి బస్తాను నేలనుండి ఎత్తి మూడవవాని వీపుమీద పెట్టేటప్పుడు ఒక్కొక్కరి వంతు 37.5 కిలోలు. 37.5ను 40తో హెచ్చించి 5తో భాగిస్తే 300 వస్తుంది. అనగా ఆ సగం బస్తా కోసం కండరాలు 300 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగాలి. వంగిన మొండెం బరువు దీనికి తోడు. అది 40 కిలోలు, దూరం 20 సెంటీమీటర్లు అయితే మరొక 160. ఈ లాగుడు అంతా, పైనున్న బరువుతోసహా, ఆ చిన్న బిళ్ళమీదనే పడుతుంది. స్థూలంగా చూసినా మొత్తం 500 కిలోలు దాటుతుంది. 1981లో అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ బిళ్ళపై ఒత్తిడి 3400 న్యూటన్లు, అనగా సుమారు 350 కిలోల బరువు, దాటితే జాగ్రత్తపడాలని సూచించింది.

ఆ బిళ్ళ నిర్మాణం తాటిముంజెను తలపిస్తుంది. లోపల నీరు నిండిన మెత్తని గుజ్జు. చుట్టూ నవ్వారు అల్లికవలె ఏటవాలుగా పేనుకొన్న నారల పొరలు. పదే పదే వంగి, బరువుతో నడుము త్రిప్పితే ఈ నారలు ఒక్కటొక్కటిగా చిట్లుతాయి. ఒకనాడు గుజ్జు బయటికి పొడుచుకొనివచ్చి నరాన్ని నొక్కుతుంది. నొప్పి తొడమీదుగా పాదందాకా దిగుతుంది. పెద్దలలో ఈ బిళ్ళ లోపలికి రక్తనాళాలు పోవు. కదలికవల్ల ఒత్తిడి హెచ్చి తగ్గుతూ ఉంటే నీరు, పోషకాలు ఊరుతూ ఉంటాయి. ప్రొద్దుట నిద్రలేవగానే కొలిచిన ఎత్తు సాయంకాలానికి సుమారు ఒక సెంటీమీటరో, కొంచెం ఎక్కువో తగ్గుతుంది. విద్యార్థులు ఇంటివద్ద గోడకు గీత గీసి దీనిని పరీక్షించవచ్చును.

"మోకాళ్ళు వంచి ఎత్తు" అని గోడమీద వ్రాయడం తేలిక. కాని ధాన్యం బస్తా మోకాళ్ళ మధ్య పట్టదు. మోకాళ్ళు వంచినా అది ఎడంగానే ఉంటుంది, లెక్కలోని 40 తగ్గదు. నడుముకు పట్టీ బిగించడం మరొక నమ్మకం. అమెరికాలో దుకాణాల కార్మికులపై జరిపి 2000లో ప్రకటించిన పెద్ద పరిశీలనలో పట్టీవల్ల నడుము దెబ్బలు తగ్గినట్లు కనబడలేదు. బస్తా నేలమీద కాక నడుమెత్తు బల్లమీద ఉంటే సంగతి వేరు. మొండెం నిటారుగా ఉంటుంది, దూరం 25 సెంటీమీటర్లకు తగ్గుతుంది, బిళ్ళమీది ఒత్తిడి దాదాపు సగమవుతుంది. లారీకి వేసే పలక వెడల్పుగా, జారకుండా ఉండటం కూడా ఇంతే ముఖ్యం.

ఇక బరువు సంగతి. వయోజనుడైన పురుషుడు మోసే బరువు 55 కిలోలు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. 75 కిలోల బస్తా దానికి 20 కిలోలు ఎక్కువ. బస్తాను చిన్నది చేయడం కష్టమేమీ కాదు. కాని కూలి బస్తాకింత అని కట్టినచోట, బరువు తగ్గి రేటు కూడా తగ్గితే అదే కూలికి ఎక్కువ మార్లు వంగవలసి వస్తుంది. బస్తా లెక్కతోపాటు కూలి లెక్కా మారకపోతే నడుముకు మేలు అంతంత మాత్రమే. పనిలో జరిగిన ప్రమాదానికి 1923 నాటి చట్టమే పరిహారం చెప్పింది. అయితే ఏళ్ళతరబడి అరిగిన నడుము ఏ రోజున, ఏ బస్తా దగ్గర పాడైందో చూపించడం ఎవరికైనా కష్టమే. ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లో వృత్తి వ్యాధులపై వ్రాసిన గ్రంథంలో బరువులు మోసేవారికి ఒక అధ్యాయం, ధాన్యం జల్లించి కొలిచేవారికి మరొకటి కేటాయించినాడు. సమస్య ఈనాటిది కాదు.

నడుము పట్టుకొన్నవానిని మంచంమీదనుండి లేవనీయకపోవడం చాలాకాలం వైద్యుల సలహా. 1986లో అమెరికాలో డెయో మొదలైన వైద్యులు, నరాలు దెబ్బతినని రోగులలో కొందరికి రెండురోజులు, కొందరికి ఏడురోజులు పడక విశ్రాంతి చెప్పి చూశారు. కోలుకోవడంలో తేడా లేదు. రెండురోజులవారు పనికి పోకుండా ఉన్న దినాలు తక్కువ. 1995లో హెల్సింకి నగర ఉద్యోగులపై జరిగిన పరిశోధనలో, పడుకొన్నవారికంటె ఓర్చుకోగలిగినంతవరకు మామూలుగా తిరిగినవారే త్వరగా కోలుకొన్నారు. నొప్పి చాలామందికి కొన్ని వారాలలో తగ్గుతుంది. పొడుచుకొనివచ్చిన గుజ్జు కూడా తరచు దానంతటదే కుంచించుకొనిపోతుంది. కాలు చచ్చుబడినా, తొడల నడుమ తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా మాత్రం ఒక్కరోజు కూడా ఆగరాదు. వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చాలి.

తిరిగి పనిలోకి వచ్చేవాడు మొదటిరోజే బస్తా క్రింద నిలబడరాదు. సంచుల మూతులు కుట్టడం, కాటావద్ద లెక్క చూడడం వంటి పనులు కొన్నాళ్ళు చేసి, తేలిక బరువులతో మొదలుపెట్టి క్రమంగా పెంచుకోవాలి. జట్టుకు ఉమ్మడిగా కూలి వచ్చేచోట ఇటువంటి పనికి వాటా ఎంత అన్నది ముందే నిర్ణయించుకోకపోతే, నొప్పి తగ్గకముందే ఆ మనిషి మళ్ళీ 75 కిలోల క్రిందికే వస్తాడు.