కారవాన్ మూవర్‌ను జరపాలంటే జాగా ఒక్కటే చూస్తే చాలదు

బ్రిటన్‌తో పాటు పలు ఐరోపా దేశాల్లో సెలవులకు బయలుదేరే కుటుంబాలు కారు వెనుక తగిలించుకుని వెళ్లే చక్రాల ఇల్లే కారవాన్. భారతదేశంలో ఆ పేరుతో పర్యాటకులకు ఎక్కువగా పరిచయమైనవి సొంత ఇంజిన్ గల వాహనాలు. కారు లాగే కారవాన్‌కు ఇంజిన్ ఉండదు. టన్నుకు పైగా బరువుండే ఆ బండిని కారు నుంచి విప్పిన తర్వాత ఇరుకు స్థలంలో కదిలించేందుకు మోటార్ మూవర్‌ను అమర్చుకుంటారు.

ఇది 12 వోల్టుల బ్యాటరీతో, చేతిలోని రిమోట్ ఆదేశాలతో పనిచేస్తుంది. ఇరుసుకు సమీపంలో ఛాసిస్‌కు బిగించిన రెండు మోటార్లు తమ రోలర్లను టైర్లకు అదిమి చక్రాలను తిప్పుతాయి. అయితే స్టెప్నీ ఫ్రేము, షాక్ అబ్జార్బర్లు, నీటి గొట్టాలు, గ్యాస్ పైపు కూడా ఆ పరిసరాల్లోనే ఉంటాయి. కొత్త భాగం చేర్చాలనుకున్నప్పుడు మూవర్‌ను కాస్త పక్కకు జరిపితే సరిపోతుందనే ఆలోచన సహజం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మూవర్ స్థానాన్ని నిర్ణయించేది ఖాళీ జాగా కాదు, టైరు. పనిలో లేనప్పుడు రోలర్‌కు, టైరుకు మధ్య పలు మోడళ్లలో సుమారు 20 మిల్లీమీటర్ల ఎడం ఉంచుతారు. ఎడం పెరిగితే రోలర్ పట్టు సడలి, తడి నేలపై జారుతుంది. తగ్గితే ప్రయాణంలో టైరుకు రాసుకునే ప్రమాదం ఉంది. పైగా జాకీపై లేపినప్పుడు చక్రం కిందికి వేలాడి కొలత మారిపోతుంది. అందువల్ల టైర్లలో తగిన గాలి నింపి, బండిని నేలపై నిలిపిన తర్వాతే కొలవాలి.

ఇరుసు ముందు చోటు చాలకపోతే, తయారీదారు అనుమతించిన మోడళ్లలో మూవర్‌ను ఇరుసు వెనుకకు మార్చవచ్చు. అప్పుడు మోటార్లు తిరగబడి అమరుతాయి కనుక వైరింగ్‌ను కూడా అందుకు తగినట్లు మార్చాలి. లేదంటే ముందుకు మీట నొక్కితే బండి వెనక్కి కదులుతుంది. ఛాసిస్ ఎత్తు సరిపడనిచోట తయారీదారు ఇచ్చే అదనపు బిగింపు భాగాలనే వాడాలి. వాటివల్ల మూవర్ నేలకు మరీ దగ్గరగా దిగకుండా చూసుకోవాలి. ఛాసిస్‌కు కొత్తగా రంధ్రాలు వేయడాన్ని, వెల్డింగ్ చేయడాన్ని చాలామంది తయారీదారులు నిషేధించారు. రంధ్రం పడిన చోట లోహం బలహీనపడి, తుప్పుకు తావిస్తుంది.

చాలా సందర్భాల్లో మూవర్‌ను కదపకుండా స్టెప్నీని తరలించడమే సులువు. కానీ దానికీ లెక్క ఉంది. ఉదాహరణకు కారుకు తగిలించే కొక్కెం ఇరుసుకు 4 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. ఇరుసుకు 1 మీటరు వెనుకనున్న 15 కిలోల స్టెప్నీని 3 మీటర్ల ముందున్న పెట్టెలోకి మారిస్తే కొక్కెంపై భారం 15 కిలోలు పెరుగుతుంది. ఈ భారం కారవాన్ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. 1,400 కిలోల బండికి అది 70 నుంచి 98 కిలోలు. కారుకు, కొక్కేనికి నిర్దేశించిన గరిష్ఠ పరిమితిని మాత్రం మించరాదు. అలాగని భారం మరీ తగ్గినా ముప్పే. వేగంగా వెళ్లేటప్పుడు కారవాన్ పాములా మెలికలు తిరిగి కారును సైతం అదుపు తప్పించగలదు.

మూవర్, దాని బ్యాటరీ బరువు కూడా కారవాన్ మోయగల సామాను పరిమితిలోకే వస్తుంది. గ్యాస్ పైపును జరపవలసి వస్తే ఆ పనిని అర్హత గల నిపుణులకే అప్పగించాలి.

మార్పులు పూర్తయ్యాక సమతలమైన ఖాళీ స్థలంలో పరీక్షించాలి. రోలర్లను టైర్ల నుంచి విడదీసే ముందు హ్యాండ్ బ్రేక్ వేయడం తప్పనిసరి. వాలు నేలపై ఆ ఒక్క పని మరిచినా బండిని ఆపడం మనిషి తరం కాదు.