పాతబస్తీ అరుగులు – పోలీసుల విచక్షణ

తీక్ష్ణముగ దండించు రాజునకు ప్రజలు వెఱతురనియు, మెత్తగ దండించువానిని లెక్కసేయరనియు, తగినట్లు దండించువానినే పూజింతురనియు కౌటిల్యుడు చెప్పియున్నాడు. ఆ తగవెంతటిదో నిర్ణయించు భారము ఆ కాలమున రాజుపై నుండెను. నేడది రాత్రి పదకొండు గంటలవేళ శాలిబండ సందులో నిలిచిన సబిన్‌స్పెక్టరుపై నున్నది.

చట్టమెంత విపులమైనను ప్రతి సందర్భమును ముందుగ వ్రాసియుంచజాలదు. ఇద్దఱు బాలురు కలహించినపుడు మందలించి పంపుటయా, ఠాణాకు కొనిపోవుటయా. ఊరేగింపు చార్మినారు చెంత నిలిచిపోయినపుడు ఓపిక పట్టుటయా, లాఠీ నెత్తుటయా – ఇట్టివి అచ్చట నున్న అధికారి క్షణములో తేల్చుకొనవలసినవే. వివేకియైన ఉద్యోగి మందలింపుతో విడిచిన బాలుడు బ్రతుకు చెడకుండ బయటపడును. కావున పోలీసులకు విచక్షణయే వలదని మేమనము. ఆ విచక్షణకు లెక్క ఎవరికి చెప్పవలెనన్నదే మా ప్రశ్న.

నిజాముల కాలమున నగర రక్షణ కొత్వాలు చేతిలో నుండెను. 1920 మొదలు 1934 వఱకు ఆ పదవి నలంకరించిన రాజాబహదూరు వేంకటరామారెడ్డిగారిని తెలుగువారు నేటికిని గౌరవముతో స్మరింతురు. మంచి కొత్వాలు దొరకుట ప్రజల అదృష్టము. కాని అదృష్టముపై నాధారపడిన రక్షణ హక్కు కానేరదు. సంస్థానము పోయినది, కొత్వాలు పేరు పోయినది. 1348 ఫసలీనాటి నగర పోలీసు చట్టము మాత్రము నిలిచి, చిల్లర కేసులకు ఆధారమగుచు వచ్చినది.

పాతబస్తీలో ఇరుకిండ్లు మెండు. అట్టి యింటివారికి వేసవి రాత్రులలో వీధియరుగే చావడి; దానినే అచ్చటివారు చబుత్రా యందురు. 2010 తరువాతి దశకమున దక్షిణమండల పోలీసులు ‘మిషన్ చబుత్రా’ యను పేర, రాత్రివేళ అరుగులపైనను వీధిమొగలందును కూర్చున్న యువకులను బండ్లలో కొనిపోయి, తల్లిదండ్రులను పిలిపించి, హితవు చెప్పి విడుచుచుండిరి. దీనికి మెచ్చిన తల్లిదండ్రులును లేకపోలేదు. అర్ధరాత్రి మోటారుసైకిళ్ల పందెములు, కత్తిపోట్లు ఏ వీధివారికిని ఇష్టములు కావు. పోలీసులది దురుద్దేశమని మేమనుటలేదు. కాని అరుగుపై కూర్చుండుట ఏ నేరము? ఆ యువకుని పోలీసుబండి యెక్కించుటకు ఏ కారణము ఎచ్చట వ్రాయబడినది?

ఇచ్చటనే వింత యున్నది. ఏడేండ్ల వఱకు శిక్షపడదగిన నేరములలో, ముద్దాయిని అరెస్టు చేసినను, చేయకున్నను, పోలీసు అధికారి కారణము వ్రాయవలెనని 2010లో అమలునకు వచ్చిన సవరణ విధించినది. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ నియమమును బిగించి, ఉల్లంఘించిన అధికారిపై శాఖాపరమైన చర్యయు, కోర్టు ధిక్కార నేరమును తప్పవని హెచ్చరించినది. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 35వ సెక్షనును ఈ కట్టుబాటును నిలిపినది. అనగా పెద్ద అధికారమునకు కళ్లెము కలదు. అరెస్టు అనిపించుకొనని చిన్న అధికారమునకు అది లేదు. నేరము చేసినవానిని పట్టుటకు కారణము వ్రాయవలెను. ఏ నేరమును చేయనివానిని అరుగు దింపుటకు వ్రాయనక్కఱలేదు!

చిన్న యధికారము చిన్నదిగా నుండదు. 2021లో లాక్‌డౌనునాడు పాతబస్తీలో తన్ను ఆపి, ముసుగు తీయుమని, తాను ఒప్పకున్నను ఛాయాచిత్రము తీసిరని ఒక సామాజిక కార్యకర్త హైకోర్టుకెక్కెను. 2022 జనవరిలో న్యాయస్థానము ప్రభుత్వమునకు నోటీసు నిచ్చెను. 2023 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసు కమిషనరు జారీచేసిన ముందుజాగ్రత్త నిర్బంధపు ఉత్తరువు నొకదానిని సుప్రీంకోర్టు కొట్టివేసి, స్వాతంత్ర్యపు అమృతోత్సవ కాలమున గూడ కొందఱధికారులు పౌరుల స్వేచ్ఛను లక్ష్యపెట్టుటలేదని నొచ్చుకొనినది. వీధిలో పడిన అలవాటే పై గద్దెవఱకు ప్రాకునేమో యని మా భయము.

ఇంగ్లండు ఈ పాఠమును నష్టపడి నేర్చుకొనినది. 1981 ఏప్రిలులో లండనునందలి బ్రిక్స్‌టనులో పోలీసులు కొలది దినములలో 900 మందికి పైగా జనమును వీధులలో ఆపి సోదాచేసిరి. వెంటనే ఆ పేట భగ్గుమనెను. కేవలము అనుమానముపై పట్టుటకు వీలిచ్చిన 1824నాటి నిబంధనను ఆ యేడే రద్దుచేసిరి. 1984నాటి చట్టము, సోదా చేసిన పోలీసు కారణము చెప్పి వ్రాయవలెననియు, సోదాకు గుఱియైనవాడు ఆ వ్రాతకు నకలు కోరవచ్చుననియు విధించెను. పక్షపాతపు ఆరోపణ అచ్చటను నశింపలేదు. కాని వ్రాత యున్నందున దానిని అంకెలతో నిరూపింప వీలయ్యెను.

మేము కోరునదియు నింతయే. ఆపిన ప్రతి మనిషి పేరు, స్థలము, గంట, కారణము, ఆపిన అధికారి పేరు ఒక పుస్తకములో నెక్కవలెను. నకలు అతని చేతికీయవలెను. ఠాణాలవారీ లెక్క నెలనెలయు ప్రకటింపవలెను. ఒకే రాత్రి, ఒకే గంటకు జూబ్లీహిల్సులో కారులో కూర్చున్న యువకునికి ‘ఇంటికి పొండు బాబూ’ యను మాటయు, పాతబస్తీ అరుగుపై యువకునికి పోలీసుబండియు దక్కునేని, ఆ భేదము ఆ పుస్తకమున బయలుపడును. బయలుపడదేని పోలీసుల కీర్తియే పెరుగును. న్యాయముగ నడచు అధికారికి సిరావలన భయమేల?

ఇది పాతబస్తీవారి గొడవ యని పల్లెలందలి గృహస్థులు ఊరకుండరాదు. వ్రాత లేని అధికారము ఒక పేటలో అలవాటైనచో మఱియొక పేటకు దారి తానే వెదకికొనును. నేడు ఆ యరుగుపై కూర్చున్నవాడు పరుల బిడ్డ. రేపు చదువునకై పట్నము పంపిన మన బిడ్డ.